సగంలో ఆగిన మాట

హైకోర్టు రికార్డు గది నుంచి తిరిగి వచ్చే కట్టలకు ఒక వాసన ఉంటుంది. పాత కాగితం, దుమ్ము, కలరా ఉండలు కలిసిన వాసన. మొన్న భోజన విరామం ముగియబోతుండగా మా కోర్టు సూపరింటెండెంటు అలాంటి కట్ట ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టి తాడు విప్పాడు. ఆ వాసన గదంతా పరుచుకుంది. నేను కొన్నేళ్ల కిందట ఒక పొలం తగాదాలో ఇచ్చిన తీర్పు మీద ఓడినవాళ్లు హైకోర్టు దాకా వెళ్లారు. అక్కడ వాళ్ల రెండో అప్పీలు కొట్టేశారు. కింది కోర్టులు రెండూ ఒకే మాటగా తేల్చిన వాస్తవాల్లోకి తాము వెళ్లలేమని, చట్టానికి సంబంధించిన గట్టి ప్రశ్న ఏదీ ఇందులో లేదని రెండు పేజీల ఉత్తర్వు పైనే ఉంది. "మన తీర్పు నిలబడ్డది మేడం" అన్నాడు ఆయన సంతోషంగా. నేనూ నవ్వాను. ఆయన వెళ్లాక మాత్రం ఆ కట్టను చాలాసేపు ముట్టుకోలేదు. ఇలాంటి ఉత్తర్వు చేతికి వచ్చిన రోజున నా సీనియర్ ఎలా ఉండేవాడో గుర్తుకు వచ్చింది. గెలిచిన కక్షిదారు ఎదురుగా కూర్చుని ఉన్నా ఆయన ముందు ఓడినవాళ్ల వాంగ్మూలం తీసి మరోసారి చదివేవాడు.

ఆయన పేరు కాగితాల్లో వీరన్న. గద్వాలలో అందరికీ ఈరన్న వకీలు, నాకు ఈరన్న సారు. నలభై ఏళ్లకు పైగా గద్వాల, అలంపూర్ కోర్టుల్లో సివిల్ కేసులు నడిపాడు. వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి కూడా మనుషులు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. సారు వాళ్లది చీరలు నేసే ఇల్లు. డిగ్రీ పూర్తయ్యే దాకా తానూ మగ్గం మీద కూర్చున్నవాడే. తర్వాత అన్న నేస్తూ ఉంటే, అదే ఇంటి ముందు గదిలో ఈయన చట్టం పుస్తకాలు పెట్టుకుని ఆఫీసు నడిపేవాడు. మగ్గం చప్పుడు లోపలి నుంచి వస్తూనే ఉండేది. సన్నగా, కాస్త వంగి ఉండేవాడు. గొంతు పెద్దది కాదు. కోర్టులో ఆయన మాట్లాడుతుంటే వెనక బెంచీల వాళ్లు ముందుకు వంగి వినాల్సి వచ్చేది. కక్షిదారు చెబుతున్నంతసేపూ కలం పట్టుకునేవాడు కాదు. అంతా విన్నాక, మళ్లీ మొదటి నుంచి చెప్పమని అప్పుడు రాసుకునేవాడు. రెండోసారి చెప్పేటప్పుడే మనుషులకు అసలు సంగతులు గుర్తొస్తాయని ఆయన నమ్మకం.

నేను ఆయన్ని మొదట చూసినప్పుడు నాకు పదిహేడేళ్లు. మాది గట్టు అనే ఊరి దగ్గరి పల్లె. తాత సంపాదించిన మూడెకరాల మెట్ట చెలక ఉండేది కానీ వాన లేకపోతే అందులో ఏమీ పండేది కాదు. అందుకని దసరా అయ్యాక అమ్మానాన్నా మేస్త్రితో కలిసి కాలువలు తవ్వే పనికి దూరదేశం పోయేవాళ్లు. నాయనమ్మ, నేను ఊళ్లో ఉండేవాళ్లం. అలా వాళ్లు పోయిన ఒక ఏడాది పక్క చేను ఆసామి మా చెలకలోకి నాగలి తోలి విత్తనం వేసుకున్నాడు. ఆ తర్వాత అక్కడి నుంచి కదలలేదు. అదే ఏడు నాన్న జబ్బు చేసి పోయాడు. అమ్మ మరియమ్మ ఒంటరిగా గద్వాలకు వచ్చి ఒక వకీలును పట్టుకుని, ఆసామిని మా చెలకలోకి రాకుండా ఆపమని కేసు వేయించింది. కేసు వేసిన నాటికి భూమి మా కబ్జాలో, అంటే మా స్వాధీనంలో లేదని మొదటి కోర్టు కొట్టేసింది. అప్పీలు కోర్టు కూడా అదే మాట అంది. అప్పుడు ఎవరో అమ్మకు చెప్పారు, హైదరాబాదులో పెద్ద కోర్టు ఉంది, అక్కడ అన్నీ మళ్లీ మొదటి నుంచి చూస్తారని. దానికి ఎవరైతే బాగుంటుందని అడిగితే ఈరన్న వకీలు పేరు చెప్పారు.

ఆ ఉదయం ఆయన మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి రెండు తీర్పులూ వేలు పెట్టి వరస వరసా చదివాడు. గంట పట్టింది. చదివి, అద్దాలు తీసి, అమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, హైకోర్టు నిన్ను పిలవదు. సాక్షులను పిలవదు. గీ రెండు తీర్పులల్ల చట్టం ఏడన్న తప్పు పోయిందా అని, గదొక్కటే సూస్తది. చెలక నీ కబ్జల ఉండెనా లేదా అన్నది ఈడనే తేలిపోయింది."

"తప్పు తేల్చిన్రు గద సారూ" అంది అమ్మ.

"తప్పే తేల్చిన్రేమో. అయినా గది దిద్దే పని చట్టం వాళ్లకియ్యలేదు."

నాకు ఒళ్లు మండింది. ఇంటర్ చదువుతున్న పిల్లను, నాకు లోకం తెలుసనుకునే వయసు. పెద్ద కోర్టుకు కూడా తప్పు దిద్దే అధికారం లేకపోతే మరి ఎవరికి ఉన్నట్టు అని అడిగేశాను. ఆయనకు కోపం రాలేదు. నన్ను అప్పుడే చూసినట్టు చూశాడు. "కింద ఉన్నోళ్లకు బిడ్డా. మొదలు విన్నోళ్లకు" అన్నాడు. తర్వాత నెమ్మదిగా వివరించాడు. సాక్షి మొహం చూసినవాడు మొదటి జడ్జి ఒక్కడే. పైవాళ్ల ముందు ఉండేది కాగితం. కాగితం చదివిన ప్రతి కోర్టూ తనకు వేరేగా అనిపిస్తోందని మళ్లీ మొదలు పెడితే ఏ తగాదాకూ అంతు ఉండదు. అందుకే చట్టం ఒక చోట గీత గీసింది. ఆయన చెప్పింది అర్థమైంది కానీ నచ్చలేదు. పెద్ద వకీలు కదా, మాలాంటి వాళ్ల కేసు మోయలేక తప్పించుకుంటున్నాడని దారిలో అమ్మతో అన్నాను. అమ్మ మళ్లీ పాత వకీలు దగ్గరికే వెళ్లింది. ఆయన హైకోర్టులో అప్పీలు వేయించాడు.

వాయిదా రోజున నేనూ అమ్మా బస్సెక్కి హైదరాబాదు వెళ్లాం. అమ్మ ఉతికిన చీర కట్టుకుంది. జడ్జి గారికి ఏం చెప్పాలో దారి పొడుగునా తనలో తాను అనుకుంటూనే ఉంది. కోర్టు హాల్లో వెనక నిలబడ్డాం. మా కేసు నంబరు పిలిచారు. మా తరఫు వకీలు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. జడ్జి గారు కాగితాలు తిప్పుతూ రెండు ప్రశ్నలు అడిగారు. విసుక్కోలేదు, కసురుకోలేదు. చివరికి ఒక మాట చెప్పారు. నాకు ఆ ఇంగ్లీషు అంతంత మాత్రమే అర్థమైంది. తనకు మరోలా అనిపించినా కింది కోర్టులు తేల్చిన వాస్తవాన్ని ఇక్కడ తిరగదోడలేనని దాని సారం. తర్వాతి నంబరు పిలిచారు. అమ్మ కొంగు సర్దుకుని ముందుకు నడవబోయింది. అయిపోయిందని చెప్పి చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాను. మెట్ల మీద నిలబడి, "మన ముచ్చట అడుగనే లేదేందే?" అంది.  

మళ్లీ ఈరన్న సారు గడప ఎక్కడానికి మాకు రెండు నెలలు పట్టింది. సిగ్గు వేసింది. నేను ముందే చెప్పాను కదా అంటాడనుకున్నాం. ఆ మాట ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఎన్నడూ అనలేదు. నీళ్లు ఇప్పించి, కాగితాలు తీసుకుని, మొదటి కేసులో అమ్మ చెప్పిన వాంగ్మూలం నకలు బయటికి తీశాడు. అందులో ఒక వరస మీద వేలు పెట్టి తెలుగులోకి మార్చి చదివాడు. "ఆ సంవత్సరం మేము ఊళ్లో లేము." చదివి, నువ్వు చెప్పింది ఇంతేనా అని అడిగాడు.

"ఇంతే ఏంది సారూ" అంది అమ్మ. "మేం ఊర్లె లేం గని మా అత్త గా చెలకలనే మేకల మేపుతుండె అని చెప్పిన. పోయే ముందు ఎరువు తోలిచ్చిపోయినమని చెప్పిన."

"గది ఈడ ఎక్కలేదమ్మా."

అప్పుడు నాకు మొదటిసారి అర్థమైంది. సాక్షి తెలుగులో చెబుతుంది. జడ్జి దాన్ని ఇంగ్లీషులో కుదించి చెబుతారు. టైపిస్టు కొడతాడు. అమ్మ మాట ముందు సగం కాగితం మీదికి ఎక్కింది. రెండో సగం ఆ గదిలోనే గాలిలో కలిసిపోయింది. అప్పీలు కోర్టు చదివింది ఆ ముందు సగాన్నే. హైకోర్టు చూసిందీ దాన్నే. అమ్మ హైదరాబాదు దాకా మోసుకుపోయిన మిగతా సగాన్ని అడిగే వీలు అక్కడ ఎవరికీ లేదు.

అయితే అంతా అయిపోలేదన్నాడు సారు. పాత కేసు అడిగింది ఆ రోజున చెలక ఎవరి కబ్జాలో ఉందని మాత్రమే. చెలక ఎవరిదని ఇప్పటిదాకా ఏ కోర్టూ అడగలేదు, తేల్చలేదు. హక్కు తేల్చి భూమి తిరిగి ఇప్పించమని కొత్త కేసు వేయవచ్చు. పైకి పోయే దారి మూసుకుంది గనుక కిందికే, మొదటి మెట్టు దగ్గరికే తిరిగి వెళ్దామన్నాడు. తాత పేరున ఉన్న పట్టా, ఏటా సాగు వివరాలు రాసే పాత పహాణీల నకళ్లు తీయించాడు. ఒక ఆదివారం తనే మా ఊరు వచ్చి చెలక చుట్టూ నడిచాడు. ఎండలో తలమీద తువ్వాలు వేసుకుని, హద్దు చూపే గెట్టు రాళ్ల దగ్గర ఆగి ఆగి నాయనమ్మను ఏవేవో అడిగాడు.

కేసు నడిచి అమ్మ బోనెక్కిన రోజు నాకు నిన్నటిలా గుర్తుంది. అవతలి వకీలు పాత ప్రశ్నే వేశాడు. ఆ ఏడాది మీరు ఊళ్లో ఉన్నారా? అమ్మ "లేం సారూ" అంది. ఇంకా ఏదో అనబోయేలోగా ఆయన తర్వాతి ప్రశ్నలోకి దిగాడు. ఈరన్న సారు లేచాడు. "అయ్యా, సాక్షి మాట ఇంకా ముగియలేదు" అన్నాడు. అంతే అన్నాడు. యువకుడైన జడ్జి గారు కాస్త చిరాకుగా చూశారు. తర్వాత కలం కింద పెట్టి, చెప్పమ్మా అన్నారు. అమ్మ నాయనమ్మ మేకల సంగతి, ఎరువు తోలిన సంగతి, తాను ఊరొదిలి పోయేటప్పుడు గెట్టు మీద నాటిన కానుగ మొక్క సంగతి చెప్పింది. జడ్జి గారు ఒక్కొక్క మాటా చెప్పి కొట్టించారు. టైపు మిషను చప్పుడు అవుతున్నంతసేపూ అమ్మ అటే చూస్తూ నిలబడింది.

ఆ కేసు మేం గెలిచాం. ఆసామి అప్పీలు చేసి ఓడి, హైకోర్టుకు వెళ్లాడు. అక్కడ అతనికీ మాకు చెప్పిన మాటే చెప్పారు. వాస్తవాలు కింద తేలిపోయాయి, మేం తిరగదోడలేం. ఆ కబురు విని అమ్మ ఏడ్చింది. ఈరన్న సారు మాత్రం మామూలుగానే ఉన్నాడు. "మొన్న మనల్ని ఆపిన గోడనే ఇయ్యాల మనల్ని కాసింది. గోడకు మనమెవలమో తెల్వదు బిడ్డా" అన్నాడు నాతో. అప్పటికే నేను లా చదవాలని నిశ్చయించుకున్నాను. చదువు పూర్తయ్యాక తిన్నగా వచ్చి ఆయన ముందు గదిలో, మగ్గం చప్పుడు వినబడే ఆ గదిలో, జూనియరుగా కూర్చున్నాను.

జూనియరుగా నేను తెలివైనదాన్నే. అలా అనుకునేదాన్ని కూడా. వనపర్తి కోర్టులో ఒకసారి తీర్పు మాకు ఎదురు పోతుందేమోనని కక్షిదారు భయపడుతుంటే, పైన రెండు కోర్టులున్నాయి, ఎందుకు పరేషాన్ అవుతావని ధైర్యం చెప్పాను. సారు విన్నాడు. బయటికి వచ్చాక, పైన ఉన్నారు కదా అని ఇక్కడ చెయ్యి వదులు చేసుకున్న వకీలు తన మనిషిని తనే ముంచినట్టని గట్టిగానే మందలించాడు. ఆయన నన్ను కోప్పడింది అదొక్కసారే. అడగాల్సిన ప్రశ్నలు ముందు రోజే కాగితం మీద వరసగా రాసుకురావడం ఆ తర్వాత నాకు అలవాటైంది. అలా రాసిన ఒక ప్రశ్న గురించే ఇప్పుడు చెప్పాలి.

అలంపూర్‌లో శేఖర్ అని ఒక కిరాణా దుకాణదారు మా కక్షిదారు. అతని ఇంటికీ, పక్కనున్న బాలమ్మ ఇంటికీ మధ్య ఒక సందు. వరదలో రెండిళ్లూ కూలాయి. తిరిగి కట్టుకున్నప్పుడు శేఖర్ ఆ సందు తనదేనని ఇనుప గేటు పెట్టి తాళం వేశాడు. బాలమ్మ తన ఇంటికి వెనక నుంచి, వేరేవాళ్ల వాకిళ్ల గుండా తిరిగి పోవాల్సి వచ్చింది. ఆమె కాగితాలు వరదలో పోయాయి. అది అందరూ నడిచే దారి అని, కనీసం ఆరడుగుల వెడల్పు ఉండేదని ఆమె కేసు వేసింది. అది ఇద్దరు పక్కపక్కన నడవలేని, నీళ్లు పోయే సందు మాత్రమేనని, దారి కాదని శేఖర్ వాదన. మా నాన్న కాలం నుంచీ అంతే సార్ అని అతను మాకు చెప్పాడు. మేం నమ్మాం.

బాలమ్మ బోనులో నిలబడింది. అరవై దాటిన మనిషి, చెక్కను రెండు చేతులా పట్టుకుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో సారు అడిగిన ప్రశ్నలు నేను రాసినవే. పదకొండో ప్రశ్న దారి వెడల్పు ఎన్ని అడుగులని. ఆమె చదువుకోలేదని, అడుగుల లెక్క ఆమెకు తెలిసే అవకాశం లేదని నాకు తెలుసు. తెలిసే ఆ ప్రశ్న రాశాను. "ఎన్నడుగులో తెల్వదు సారూ, గని..." అందామె. సారు పన్నెండో ప్రశ్న వేశాడు. జడ్జి గారు కొట్టించిన మాట "దారి వెడల్పు నాకు తెలియదు" అని. ఆమె వకీలు కొత్తవాడు. లేవలేదు. తర్వాత మళ్లీ అడిగి పూర్తి చేయించుకోనూ లేదు. నేను నా కాగితం మీద పదకొండో ప్రశ్నకు ఎదురుగా టిక్కు పెట్టుకున్నాను.

వెడల్పు తెలియని మనిషి దారి ఉందని చెబితే నమ్మలేమని తీర్పు వచ్చింది. గద్వాల అప్పీలు కోర్టు ఒప్పుకుంది. హైకోర్టు ఎప్పటి మాటే చెప్పింది. అప్పటికి నాలుగేళ్లు గడిచాయి. శేఖర్ మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చి చాలాసేపు కృతజ్ఞతలు చెప్పి వెళ్లాడు. సారు డబ్బా తెరవలేదు. బాలమ్మ వాంగ్మూలం తీసి చదువుతూ ఒక చోట ఆగిపోయాడు. 

ఆ నెలలోనే ఇంకో కేసు మీద అలంపూర్ వెళ్లాం. పని ముగించుకుని బస్సు కోసం నిలబడి ఉంటే బాలమ్మ రోడ్డు దాటుతూ కనబడింది. చేతిలో కిరసనాయిలు డబ్బా ఉంది. మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది. సారు గొడుగు నా చేతికిచ్చి ఆమె వెనకే వెళ్లాడు. నేనూ వెళ్లాను. ఆమె ఆగింది.

"అమ్మా, కేసు ఒడిసిపోయింది. ఇప్పుడు అడుగుడు తప్పో ఒప్పో తెల్వదు" అన్నాడు సారు. "ఆనాడు కోర్టుల ఎన్నడుగులో తెల్వదు గని అన్నవ్. తర్వాత ఏమనబోయినవ్?"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమో అనుకుందేమో. తర్వాత మెల్లగా చెప్పింది. "అడుగులు తెల్వదు గని, మా ఆయన పాడె గా దారిలకెల్లే పోయింది సారూ. నలుగురు మోసిన్రు. అటిటు గోడలకు తాకకుండ పోయిన్రు. గింత పెద్ద దారి అని చెప్పబోయిన."

అంత చెప్పి, ఇంకేమన్నా అడగాలా అన్నట్టు నిలబడింది. సారు చేతులు జోడించాడు. ఆమె వెళ్లిపోయింది.

గద్వాల బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. అలంపూర్ పొలిమేర దాటాక నా వైపు తిరగకుండానే అన్నాడు. "మీ అమ్మ మాట సగంల ఆగితే లేచి నిలబడ్డ. గీ తల్లి మాట సగంల ఆగితే మనకు పనికొచ్చిందని ఊకున్న." ఆ ప్రశ్న రాసింది నేనే కదా సార్ అన్నాను. "రాసింది నువ్వే. ఆపింది నేను" అన్నాడు. దీన్ని దిద్దడానికి దారే లేదా, హైకోర్టులో మళ్లీ అడగలేమా అన్నాను. అడగడానికి మనమెవరం, మనం గెలిచిన పక్షం అన్నాడు. పైవాళ్ల తప్పేమీ లేదని కూడా అన్నాడు. వాళ్ల ముందున్న కాగితంలో ఆమె తెలియదనే అంది. వాళ్లు అదే చదివారు. చట్టం వాళ్లను అంతకన్నా లోపలికి పోనివ్వదు, పోనివ్వకూడదు కూడా. ఎందుకు పోనివ్వకూడదో నా పదిహేడేళ్లప్పుడు ఆయన చెప్పిన కారణమే మళ్లీ చెప్పాడు. 

మర్నాడు శేఖర్‌ను పిలిపించాడు. బాలమ్మ భర్త పాడె ఆ సందులోంచి పోయిందా అని అడిగాడు. శేఖర్ తడబడలేదు. "పోయింది వకీల్ సాబ్. అయితే ఏంది, కేసైతే గెలిస్తిమి గద" అన్నాడు. సారు అతన్ని తిట్టలేదు. గేటు తీసేయమని, వీలైతే ఆమెకు నడిచే హక్కు ఉందని ఒక కాగితం రాసివ్వమని అడిగాడు. కోర్టు తనదన్న దాన్ని మీరు వదులుకోమంటే ఎలా అని అతను నొచ్చుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎనిమిది నెలల పాటు, అలంపూర్ వెళ్లిన ప్రతిసారీ సారు ఆ దుకాణం ముందు ఆగేవాడు. ఏదో ఒకటి కొనేవాడు. తాళం సంగతి అడిగేవాడు. రెండుసార్లు శేఖర్ లోపలికి వెళ్లిపోయాడు. ఒకసారి అతని భార్య కూడా వింటూ నిలబడింది. తరవాతి సారి వెళ్లినప్పుడు గేటు ఉంది, తాళం లేదు. బాలమ్మ నెత్తిన గడ్డి మోపుతో ఆ సందులోంచి లోపలికి పోతోంది. కాగితం మాత్రం శేఖర్ రాసివ్వలేదు.

నేను సంతోషించాను. సారు అంతగా సంతోషించలేదు. రేపు శేఖర్ కొడుకు మళ్లీ తాళం వేస్తే ఆమెకు ఇక పోయే కోర్టు లేదు, మూడు కోర్టుల తీర్పు అతని చేతిలో ఉందన్నాడు. మనిషి మంచితనం మీద నిలబడ్డ దారి హక్కు మీద నిలబడ్డ దారితో సమానం కాదని ఆయనకు తెలుసు. ఆ కేసు తర్వాత క్రాస్‌లో ఆయన పద్ధతి మారింది. అవతలి సాక్షి మాట మధ్యలో ఆగితే, చెప్పమ్మా అని తనే ఎదురు చూసేవాడు. కొన్ని కేసులు అందువల్ల ఓడిపోయాడు. కక్షిదారులు కొందరు వేరే వకీళ్లను చూసుకున్నారు. మెత్తబడ్డాడని బార్ అసోసియేషన్‌లో అనుకునేవాళ్లు. ఆయన పట్టించుకోలేదు.

జడ్జి పరీక్ష రాయమని నన్ను తరిమింది ఆయనే. ఎంపికైన కబురు చెబితే లోపలికి వెళ్లి అన్నను పిలుచుకొచ్చాడు. మగ్గం ఆపి ఆయనా వచ్చి నిలబడ్డాడు. చేరే ముందు రోజు ఏదైనా చెప్పమని అడిగాను. "నీ పైన చానమంది ఉంటరు. చట్టం తప్పు రాస్తే దిద్దుతరు. మనిషి చెప్పింది తప్పు రాస్తే దిద్దెటోళ్లు ఉండరు" అన్నాడు.  కొత్త కోర్టులో కాగితాలు చదివి కళ్లు పాడుచేసుకోవద్దని నవ్వుతూ నాకు ఒక మంచి టేబుల్ లైటు కొనిచ్చాడు.

చివరి రెండేళ్లు ఆయనకు చూపు బాగా తగ్గింది. కోర్టు మానేశాడు. సెలవుల్లో నేను గద్వాల వెళ్తే ముందు గదిలోనే మంచం మీద కూర్చుని ఉండేవాడు. పుస్తకాలు అలాగే ఉన్నాయి, వాటి మీద ఎవరూ చెయ్యి వేయడం లేదు. ఎన్ని కేసులు తేల్చావని ఒక్కసారి కూడా అడగలేదు. "ఏమేం విన్నవ్ బిడ్డా?" అని అడిగేవాడు. నేను పేర్లు లేకుండా చెప్పేదాన్ని. ఒక పశువుల కాపరి ఎలా మాట్లాడాడో, ఒక ముసలామె నీడను బట్టి సమయం ఎలా చెప్పిందో. వింటూ తలూపేవాడు. కొన్నిచోట్ల ఆపి, ఆ మాట అతను అలాగే అన్నాడా లేక నువ్వు సర్దావా అని అడిగేవాడు. సర్దాను సార్ అని నేను ఒప్పుకున్న రోజులున్నాయి. ఆయన పోయిన కబురు నాకు బెంచి మీద ఉండగా వచ్చింది. ఒక సాక్షి బోనులో ఉన్నాడు. అతని వాంగ్మూలం పూర్తయ్యాకే దిగి గద్వాల బయల్దేరాను. అంత్యక్రియలకు అందలేదు. అందుకు ఆయన నన్ను తప్పుపట్టడనే అనుకుంటాను.

నేను ఇప్పటికి కొన్ని వందల తీర్పులు రాసి ఉంటాను. చాలావాటి మీద అప్పీళ్లు వెళ్లాయి. చట్టం పొరపాటుగా చదివిన చోట పైవాళ్లు సరిదిద్దారు. దిద్దిన ప్రతిసారీ మనసులోనే దండం పెట్టుకున్నాను. నాకు భయం వాటి గురించి కాదు, నిలబడిపోయిన వాటి గురించి. నేను తొందరపడ్డ ఒక మధ్యాహ్నం, ఆకలితోనో విసుగుతోనో ఉన్న ఒక క్షణం, ఎవరో మనిషి చెప్పబోయింది నాకు వినబడకపోయి ఉంటుంది. దాని మీద నా సంతకం ఉంటుంది. ఆ పైన రెండు కోర్టుల ముద్రలు ఉంటాయి. అలాంటివి ఎన్నో, అవి ఏ ఊళ్లో ఎవరి బతుకును అడ్డగించి ఉన్నాయో నాకు తెలియదు. ఎప్పటికీ తెలిసే వీలు లేదు. ఆ తెలియకపోవడాన్ని మోసుకునే రోజూ పదిన్నరకు బెంచి ఎక్కుతాను. అది ఈరన్న సారు నాకిచ్చిన బరువు. దాన్ని దించుకోవాలని నాకు ఎన్నడూ అనిపించలేదు.